హాలీహాక్ మడి

1995 జనవరి. అశోక్‌నగర్‌లోని ఆ ఇంట్లో పొద్దున్నే పాలు పొంగి పోతుంటే రాగిణి చూస్తూ నిలబడింది. అత్తగారు అన్నపూర్ణ పరుగున వచ్చి స్టవ్ ఆపింది. పురిట్లోనే బిడ్డ పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో రాగిణిని ఎవరూ ఏమీ అనడం లేదు.

ఆస్పత్రి నుంచి వచ్చేసరికి ఉయ్యాల లేదు, కుట్టించి పెట్టిన చిన్న చొక్కాలు లేవు. భర్త ఉదయ్ కుమార్ అన్నీ ఎవరికో ఇచ్చేశాడు. కళ్లముందుంటే బాధపడుతుందన్నాడు. రాగిణి సరేనంది. ఏడుపు రాలేదు. పెడితే తింది, పడుకోమంటే పడుకుంది.

మిగిలింది పెరట్లో గోడవారగా ఉన్న హాలీహాక్ పూలమొక్కల మడి ఒక్కటే. కడుపుతో ఉండగా, దసరా దాటాక తనే విత్తనాలు చల్లింది. బిడ్డ ఒళ్లోకి వచ్చాక పూలు విచ్చుకుంటాయనుకుంది. మొక్కలు నడుమెత్తు పెరిగి మొగ్గలు తొడిగాయి. కానీ కింది ఆకుల అడుగున నారింజరంగు పొక్కులు లేచాయి. ముట్టుకుంటే తుప్పులా వేలికంటుతున్నాయి.

పెరట్లో చప్పుడైతే రాగిణి వెళ్లి చూసింది. అన్నపూర్ణ కొంగు నడుముకు చుట్టి, ఒక మొక్కను వేళ్లతో సహా పీకి పడేసింది. రెండోదాని మొదలు పట్టుకుంది.

"అత్తమ్మా, ఆగుండ్రి."

"తుప్పు తెగులు బిడ్డా. అన్ని పీకి పారేస్త. నువ్వు లోపలికి పో, చలిగాలి తగులుతది."

"పీకొద్దు. తెగులున్న ఆకులు తెంపి కాలబెడితే చాలు. నీళ్లు ఆకుల మీద పడకుండ మొదట్ల పొయ్యాలె. గంధకం పొడి చల్లితే కొత్త ఆకులకు అంటదు."

"ఇప్పుడు గీ తిప్పలు నీకెందుకు? వచ్చేయేడు మళ్ల ఏస్కుందువు."

"అప్పుడు గూడ గట్లనే అన్నరు. మళ్ల పుడతరులే అని." రాగిణి గొంతు పెరగలేదు. "నన్ను అడగకుండనే ఉయ్యాల ఇచ్చేసిండ్రు. బిడ్డను చూపియ్యకుండనే తీస్కపోయిండ్రు. మొగం ఎట్లుంటదో నాకు తెల్వదు. ఎవర్ని యాది చేస్కొని ఏడ్వాలె అత్తమ్మా?"

అన్నపూర్ణ చేయి మొక్కను వదిలేసింది. అక్కడే మట్టిలో కూలబడింది.

"నువ్వు తట్టుకోలేవన్నడు వాడు. నేను గూడ సరే అన్న." చేతులకంటిన మట్టి దులుపుకుంది. "నేనెత్తుకున్న బిడ్డా. ఆడపిల్ల. నెత్తినిండ జుట్టు. కాలి రెండో వేలు నీ లెక్కనే బొటనవేలి కన్న పొడుగు. ఊపిరి లేకుండె గని, పెయ్యి ఇంక వెచ్చగనే ఉండె. తువ్వాల్ల చుట్టి, మీ అమ్మ పేరు రాగిణి అని చెవుల చెప్పిన."

రాగిణి ఆమె పక్కనే కూర్చుంది.

"ఇంకోసారి చెప్పుండ్రి."

అన్నపూర్ణ మళ్లీ మొదటి నుంచి చెప్పింది. వేలి దగ్గరికొచ్చేసరికి రాగిణి తన పాదాన్ని రెండు చేతులా పట్టుకుంది. ఎక్కడో లోపల గడ్డకట్టినది కదిలింది. అత్తగారి భుజం మీద తల వాల్చి, చాలాసేపు చప్పుడు లేకుండా ఏడ్చింది.

తర్వాత ఇద్దరూ కలిసి తెగులు ఆకులు తెంపి డబ్బాలో వేశారు. "చిక్కడపల్లి విత్తనాల దుకాణంల దొరుకుతదా గంధకం?" అని అన్నపూర్ణ అడిగింది.

సాయంత్రం ఉదయ్ కుమార్ నారాయణగూడ ఆఫీసు నుంచి వచ్చాడు. ఏడ్చి ఉబ్బిన భార్య ముఖం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"రాండ్రి, కూసోండ్రి," అంది రాగిణి. "మీరు గూడ చూసిండ్రు గదా. మన పాప ఎట్లుండెనో చెప్పుండ్రి."

అతను చెప్పబోయాడు. మొదటి మాటకే ముఖం చేతుల్లో దాచుకున్నాడు. రాగిణి అతని చేయి పట్టుకుని, చెప్పేదాకా ఆగింది.