నాలుగు సెకన్ల ఎడం

కాకినాడలో ఇప్పుడు బిడ్డ పుట్టిందంటే ఉయ్యాల కంటే ముందు ఇంటికి చేరేది ఎదుగుచాప. 2068 నాటికి అది లేని పసిపిల్లల ఇల్లు జిల్లా అంతా గాలించినా కనబడదు. చూపులకు మామూలు తుంగచాపలాగే ఉంటుంది. అంచున ఆకుపచ్చ చారలు కూడా ఉంటాయి. కానీ దాని పడుగులో వెంట్రుక కంటే సన్నని సెన్సర్ పోగులు, నాలుగు మూలలా గసగసాల గింజంత కెమెరాలు ఉంటాయి. బిడ్డ బోర్లా పడినా, పాకినా, కూర్చుని ఆడుకున్నా ఒంటి కదలికనీ, గొంతులోంచి వచ్చే ధ్వనినీ, కంటిపాప తిరిగే దిశనీ ఆ చాప నమోదు చేస్తుంది. పెద్దవాళ్ల మాటల్నీ, కదలికల్నీ, అడుగుల చప్పుళ్లనీ మాత్రం రొద కింద వడగట్టి, తనలోనే తాళం వేసి ఉంచుతుంది. ఇంటి గుట్టు బయటికి పొక్కకూడదని చట్టం. ఇంటివాళ్లు ఒప్పుకుంటే తప్ప ఆ తాళం తీయడానికి వీల్లేదు.

ఆ చాపను తయారుచేసిన బృందంలో డాక్టర్ కౌముది ఒకరు. ఇప్పుడు శిశువికాస కేంద్రానికి ఆవిడే పెద్ద. రోజూ పొద్దున్నే కాఫీ కప్పుతో కూర్చుని, జిల్లాలోని చాపలన్నీ పంపిన సమాచారాన్ని ఆరా ముందు పెట్టుకుని చూడటం ఆవిడకు అలవాటు. ఆరా అంటే ఆ సమాచారాన్ని జల్లెడ పట్టే యంత్రం.

మార్చి నెలలో ఒక పొద్దున ఆరా తెర మీద రెండు గీతలు గీసి చూపించింది. ఒకటి మామూలుగా కడుపున పడ్డ పిల్లలది. రెండోది ఐ.వి.ఎఫ్. ద్వారా పుట్టిన నాలుగు వేల మందిది. పద్నాలుగో నెల దాకా రెండూ ఒకదాని మీద ఒకటి నడిచాయి. ఆ తర్వాత విడిపోయాయి.

ఆ వయసు పిల్లలకి ఒక అలవాటు ఉంటుంది. అందని వస్తువును చూసి, ఆ వెంటనే 'ఊ' అనో 'అఁ' అనో అంటారు. అది మాటకంటే ముందు పుట్టే మాట. కౌముది బృందం దానికి పిలుపుధ్వని అని పేరు పెట్టింది. ఐ.వి.ఎఫ్. పిల్లల్లో చాలామంది చూసి ఊరుకుంటున్నారు. ఆ శబ్దం చేయడం లేదు. మొదటి మాట కూడా ఆరు వారాలు వెనకబడుతోంది. మూడేళ్లు నిండేసరికి అందరూ ఒక్కటైపోతున్నారు కాబట్టి ఇన్నాళ్లూ ఎవరి కంటా పడలేదు.

వినికిడి బాగుంది. తెలివి బాగుంది. మరి గొంతు ఎందుకు లేవడం లేదు? ఆ ప్రశ్న కౌముదిని పట్టుకుని వదల్లేదు. ఏడేళ్లు ఎదురుచూశాక ఐ.వి.ఎఫ్. ద్వారానే పుట్టిన ఆవిడ కూతురు ఇలకు కూడా అప్పుడు పదహారో నెల. ఇల కూడా చూసి ఊరుకునేదే. తల్లిగా తనకు కలగాల్సిన భయం కంటే కుతూహలమే ఎక్కువ కలిగినందుకు కౌముది లోలోపల కాస్త సిగ్గుపడింది.

ఈ పిల్లలందరికీ ఉమ్మడిగా ఉన్నది ఒకటే. తల్లి కడుపులోకి చేరకముందు మొదటి ఐదు రోజులూ వాళ్లు మాతృద్రవంలో పెరిగారు. గర్భనాళంలోని రసాన్ని పోలిన ఆ ద్రవాన్ని కనిపెట్టింది ఫణిభూషణ్ మాస్టారు. కౌముదికి ఒకప్పుడు పాఠం చెప్పినాయన. నెలాఖరులోగా నివేదిక ఇమ్మని ప్రభుత్వ సంఘం అడిగింది. లోపం ద్రవానిదే అయితే దాన్ని ఆపేయాలి. దాని మీదే ఆశ పెట్టుకుని వరసలో ఉన్న వందల జంటల్ని వెనక్కి పంపేయాలి.

కబురు తెలిసి మాస్టారు స్వయంగా వచ్చారు.

"అమ్మా, నా ద్రవమే కారణమైతే మొహమాటపడకుండా రాసెయ్యి. ఇరవై ఆరేళ్లు దాంతోనే బతికేను. అయినా పసిపిల్లల కంటే అదేం గొప్పది కాదు" అన్నారు.

ఆయన వెళ్లాక కౌముది ఆరాని అడిగింది, ఈ నాలుగు వేల మందిలో మిగతావాళ్లకు భిన్నంగా ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని.

"ప్రవర్తనలో లేరు. రక్తంలో ఒకరున్నారు" అంది ఆరా.

మాతృద్రవంలో పెరిగిన పిండం డి.ఎన్.ఎ. మీద హాని చేయని రసాయన గుర్తు ఒకటి మిగిలిపోతుంది. దాన్ని ద్రవముద్ర అంటారు. తాళ్లరేవులో భాను అనే పాపకు ఆ ముద్ర లేదు. అంటే ఆ పాప ఎప్పుడూ ఆ ద్రవంలో లేదు. కానీ ఆ పాప కూడా చూసి ఊరుకుంటోంది.

కౌముది మర్నాడే తాళ్లరేవు వెళ్లింది. భాను తల్లి సత్యవేణి రొయ్యపిల్లల హేచరీలో పనిచేస్తుంది. డాక్టరుగారు గుమ్మంలో కనబడగానే ఆమె మొహం పాలిపోయింది. రక్తపరీక్ష సంగతి చెప్పాక ఇక దాచలేదు. తొమ్మిదేళ్లు ఆసుపత్రుల చుట్టూ తిరిగి, కాగితాల మీద సంతకాలన్నీ అయ్యాక, పిండాన్ని కడుపులో ప్రవేశపెట్టడానికి ఇంకా నెల ఉందనగా మామూలుగానే నెల తప్పిందట. ఆసుపత్రి మారి, కాగితాల్లో ఐ.వి.ఎఫ్. అనే ఉండనిచ్చి, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా ఉండిపోయిందట.

"మామూలుగా వచ్చిందంటే మీరంతా పాపని ప్రత్యేకంగా చూడ్డం మానేస్తారేమోనని బెదిరిపోయేనండి. తప్పేనండి" అంది.

తప్పు మాట అలా ఉంచమని చెప్పి కౌముది చాప పక్కన కింద కూర్చుంది. భాను పళ్లెంలోని జామకాయ ముక్క వైపు చూసింది. నాయనమ్మ దాన్ని అప్పటికే చేతిలో పెట్టేసింది. కాసేపటికి మూలనున్న బొమ్మ వైపు చూసింది. తండ్రి అక్కడినుంచే బొమ్మను ముందుకు జరిపాడు. ఆ రెండుసార్లూ పాప పెదవులు విచ్చుకోవడం, శబ్దం లేకుండానే మూసుకుపోవడం కౌముది చూసింది.

పాపకి అడిగే అవసరమే రానివ్వడం లేదు కదా అని మెల్లిగా అంది.

"ఎలా రానిస్తామండి? తొమ్మిదేళ్లు దానికోసం అడిగింది మేవండి. ఇంక దానిచేత కూడా అడిగించాలా?" అంది సత్యవేణి.

తిరుగు ప్రయాణమంతా కౌముది చెవిలో ఆ మాటే ఉంది. పిల్లల్ని శుద్ధంగా పరిశీలించాలని తాము పెద్దవాళ్లను రొద కింద పక్కన పెట్టేశారు. జవాబు ఆ రొదలోనే ఉందేమో. ఆ వారం కేంద్రంలో పనిచేసేవాళ్లంతా ఇల్లిల్లూ తిరిగి అనుమతి అడిగారు. ఎనిమిది వందల ఇళ్లవాళ్లు తాళం తీయడానికి ఒప్పుకున్నారు.

మామూలు ఇళ్లలో బిడ్డ ఒక వస్తువును చూశాక పెద్దవాళ్లు దాన్ని అందించడానికి సగటున నాలుగు సెకన్లు పడుతోంది. ఐ.వి.ఎఫ్. పిల్లల ఇళ్లలో ఒక సెకను కూడా పట్టడం లేదు. పిలుపుధ్వని గొంతులో కూడుకోవడానికి రెండు సెకన్లు కావాలి. మామూలుగా కడుపున పడినా, ఏళ్ల తరబడి ఎదురుచూశాకో, అంతకుముందు ఒక బిడ్డను పోగొట్టుకున్నాకో పుట్టిన పిల్లలు అరవై మంది ఉన్నారు. వాళ్ల ఇళ్లలోనూ అదే తొందర, వాళ్లదీ అదే మౌనం. ద్రవంలో ఏ లోపమూ లేదు.

ఫణిభూషణ్ మాస్టారు నివేదికను రెండుసార్లు చదివారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మొదటి ఐదు రోజుల కోసమే తాను ఇన్నేళ్లు కష్టపడ్డాననీ, ఆ తర్వాతి రోజుల సంగతి ఎన్నడూ ఆలోచించలేదనీ అన్నారు. వెళ్లేటప్పుడు ఆయన అడుగు తేలికపడింది.

ఆయన వెళ్లాక కౌముది తన ఇంటి చాప తాళం కూడా తీయమని ఆరాకి చెప్పింది.

"మీ ఇంట్లో అర సెకను. చూసిన ఇళ్లన్నిటిలో అదే తక్కువ" అంది ఆరా. "ఇంకో సంగతి. మీరు అందించినవాటిలో సగానికి పైగా ఇల నెట్టేస్తోంది. కారణం తెలియదు."

మారాం చేస్తుందిలే అనుకుంది కౌముది.

ఆదివారం పొద్దున కిటికీలోంచి ఎండ నేరుగా గదిలోకి పడుతోంది. చాప అంచున స్టీలు గ్లాసులో మంచినీళ్లున్నాయి. ఇల గ్లాసు వైపు చూసింది. కౌముది చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. వెనక్కి లాక్కుని, రెండు చేతులూ ఒళ్లో బిగించి పెట్టుకుంది. ఒకటి. రెండు. బిడ్డ దాహంతో ఉందేమోనని ప్రాణం కొట్టుకుంది. మూడు. ఏడేళ్ల ఎదురుచూపులో ఏ రోజూ ఇంత పొడుగ్గా అనిపించలేదు.

"ఊ" అంది ఇల.

కౌముదికి కళ్లు చెమర్చాయి. గ్లాసు అందుకోబోయింది. ఇల మళ్లీ "ఊ" అని, ఈసారి వేలు ఎత్తింది. ఆ వేలు గ్లాసును దాటి పైకి పోయింది. నీళ్ల మీద పడ్డ ఎండ ఇంటికప్పు మీద వెలుగు ముద్దయి వణుకుతోంది. ఇల దాన్ని చూపించి, తల్లి చూసిందో లేదోనని తల్లి మొహంలోకి చూసింది.

ఇన్నాళ్లూ ఇల గ్లాసు వైపు చూసిన ప్రతిసారీ కౌముది ఆ గ్లాసు ఎత్తేసేది. వెలుగు మాయమైపోయేది.

"ఆరా, ఈ చూపుని మనం ఏమని నమోదు చేస్తున్నాం?" అని అడిగింది కౌముది.

"కోరిక అని."

"అందులో నిజంగా అడగడం ఎంత, ఇలా చూపించడం ఎంత?"

"చెప్పలేను" అంది ఆరా. "పిల్ల దేన్నైనా చూసిందంటే అది కావాలనే అని నాకు నేర్పింది మీరే. ఇంకో కారణం ఉండొచ్చని ఎవరూ చెప్పలేదు."

కౌముది కూతురి పక్కన చాప మీద వెల్లకిలా పడుకుని పైకి చూసింది. ఇల ఇంకోసారి "ఊ" అంది. ఈసారి తల్లి కూడా అంది.