మేడగదిలో మాయమైన నవ్వు

కాంట్రాక్టరు గారి మేడగదికి చెడ్డపేరు. ఆయన తండ్రి అందులోనే, వాలుకుర్చీలో కూర్చుని పోయాడు. అప్పటినుంచీ చీకటి పడితే పనిమనిషి కూడా ఆ మెట్లు ఎక్కదు... పైన ఎవరో తిరుగుతారట, మూలుగుతారట. బతికుండగా జనాన్ని పీడించింది చాలక!

నాకు ఇదంతా చెప్పింది ఆర్టిస్టు. అతను బొమ్మలు వేస్తాడు, నేను వాటికి ఫ్రేములు కడతాను. ఇద్దరం డబ్బున్న మూర్ఖుల మీద బతుకుతున్నాం.

తండ్రి బొమ్మ హాల్లో పెట్టాలని కాంట్రాక్టరు అతన్ని పిలిపించాడు. షరతు ఒక్కటే — నవ్వుతూ ఉండాలి, పళ్ళు కనిపించాలి. తీరా చూస్తే, ఇచ్చిన ఫొటోలన్నిట్లోనూ ముసలాయనది ఆముదం తాగిన మొహమే.

"నవ్వే ఫొటో ఒక్కటీ లేదాండీ?"

"ఉంటే నిన్నెందుకు పిలుస్తానయ్యా? చూసి గీయడం కోతి కూడా చేస్తుంది."

అదీ ఆయన కళాజ్ఞానం. సిమెంటు బస్తాల మధ్య పెరిగినవాడికి అంతకంటే ఏం తెలుస్తుంది! ఫొటోలు గడప దాటకూడదని, మేడగదిలోనే కూర్చుని వేయమన్నాడు.

ఆర్టిస్టు పగలంతా తంటాలు పడి ఎలాగో నవ్వు తెప్పించాడు. మర్నాడు వెళ్ళి చూస్తే — నవ్వు లేదు! కళ్ళున్నాయి, మీసముంది... నోరున్న చోట మసక.

మళ్ళీ వేశాడు. మళ్ళీ పోయింది.

"ఇది పెద్దాయన పనేనండీ..." అన్నాడు గొంతు తగ్గించి.

కాంట్రాక్టరు మండిపడ్డాడు. "చేతకాక దెయ్యం మీదికి నెడతావా? రేపు పొద్దున్నకి నవ్వు లేకపోతే నీ పనితనం ఊరంతా చాటిస్తా. తర్వాత నీకు ఎవడు పనిస్తాడో చూస్తా!"

అన్నాడే గానీ, గుమ్మం దాటి లోపల కాలు పెట్టలేదు. చూడ్డానికి ఇంత లావు మనిషి!

ఉన్న కాస్త పేరూ పోతే పస్తులే. అందుకని ఆర్టిస్టు ఆ సాయంత్రం నవ్వు మళ్ళీ వేసి, లైటు తీసేసి, బీరువా పక్కన నక్కి కూర్చున్నాడు.

ఇల్లు సద్దుమణిగింది...

మెట్ల మీద అడుగులు. మెల్లగా... ఆగి ఆగి... ఆయాసం తీర్చుకుంటూ — ముసలి అడుగులు.

తలుపు తెరుచుకుంది. తెల్లటి ఆకారం ఒకటి తిన్నగా బొమ్మ దగ్గరికి నడిచింది. గుప్పున, రంగులు తుడిచే టర్పెంటైన్ వాసన... గుడ్డతో రుద్దుతున్న చప్పుడు...

దెయ్యానికి టర్పెంటైన్ ఎందుకని మనవాడికి తట్టనే లేదు. చెయ్యి చాచి స్విచ్చి నొక్కాడు.

కాంట్రాక్టరు తల్లి!

"అమ్మా... మీరా? అబ్బాయిగారు అడిగినట్టే వేశాను కదమ్మా. నా పొట్ట కొడతారా?"

ఆవిడ రంగంటిన గుడ్డ వెనక్కి దాచుకుంది. "తప్పే నాయనా," అంది గుసగుసగా. "వాళ్ళ నాన్న ఎప్పుడూ నవ్వలేదనుకుంటాడు వాడు. నవ్వేవాడు... ఈ గది తలుపేసి, నేను ఏడుస్తుంటే చూసి నవ్వేవాడు. అచ్చం నువ్వు వేసినట్టే, పళ్ళన్నీ కనిపించేలా. ఇక హాల్లో గోడెక్కి కూడా నన్ను చూసి నవ్వాలా?"

ఆర్టిస్టు లేచి బొమ్మ ముందుకెళ్ళాడు. పేరు పోతే పోనీ అనుకుని, రంగు కలిపి, కుంచె తీసి, ఆ ముసలాడి మూతి తనే మూసేశాడు.