నల్లోడి వాటా చాక్లెట్

"ఆ సూది పక్కన పెట్టి మాట్లాడు కంపౌండరూ! లేకుంటే నీ పంట్లాం నల్లోడి నోట్లకెళ్ళి రాదు."

నవ్వు ఆపుకుంటూ భద్రమ్మ అతనితో అన్న మొదటి మాట అది. రాఘవులు రాజులనాటి బస్తర్ స్టేట్‌లో పశువులకు టీకాలు వేసే కంపౌండరు. ఆ పొద్దున మద్దేడు ఊళ్ళో రైతు ముత్తయ్య కొట్టంలో అడుగుపెట్టాడో లేదో, ఆ ఇంటి నల్ల వేటకుక్క నల్లోడు వచ్చి పంట్లాం కాలు పట్టుకుంది.

"ముందు కుక్కను పట్టుకో పిల్లా! నేను సర్కారు మనిషిని."

"దానికేమన్న చదువొచ్చా? సర్కారంటే ఏందో దానికెట్ల తెలుస్తది?"

చిరిగిన పంట్లాం ఆ రోజే కుట్టించుకున్నాడు గానీ, మనసు మాత్రం ముత్తయ్య కూతురు భద్రమ్మ దగ్గరే వదిలేసి పోయాడు.

ఆ తర్వాత నెల రోజుల్లో మద్దేడు ఎద్దులకు వచ్చినన్ని జబ్బులు స్టేట్ మొత్తంలో ఏ ఎద్దులకూ రాలేదు, రాఘవులు రాసిన రిపోర్టుల ప్రకారం. వచ్చిన ప్రతిసారీ నల్లోడు మీదికి ఉరికేది, భద్రమ్మ నవ్వేది, ముత్తయ్య మంచం వాల్చేవాడు. ముత్తయ్యకు పిల్లగాడు నచ్చాడు. "వచ్చే అంగడినాటికి మీ పెద్దోళ్ళను తోలుకరా" అని కూడా అన్నాడు.

ఉత్త చేతులతో పోవడమెలా? జగదల్‌పూర్‌లో, యుద్ధం ముగిసి తిరిగొచ్చిన ఒక సిపాయి దగ్గర రాఘవులు చాక్లెట్ కొన్నాడు. అరచేతంత నల్లటి పలక. ఒక సాయంత్రం దాన్ని భద్రమ్మ చేతిలో పెట్టాడు.

"ఏందిది? బెల్లం మాడగొట్టిన్రా?"

"దొరలు తినే మిఠాయి. నీకోసమే తెచ్చిన."

"నాకొక్కదానికేనా?" అంది గానీ, దాన్ని ఆమె కొంగున ముడేసుకున్న తీరు చూసి రాఘవులు ఈల వేసుకుంటూ తాను బస చేసిన చావడికి పోయాడు.

తెల్లారి వచ్చేసరికి ఆ ఈల ఆగిపోయింది. నల్లోడు అతని మీదికి రాలేదు. ఒకచోట నిలవలేక, పడుకోలేక కొట్టమంతా వణుకుతూ తిరుగుతోంది. రెండుసార్లు కక్కిందట. ఎన్ని నీళ్ళు తాగినా దప్పిక తీరడం లేదు. పక్కటెముకల మీద చెయ్యి వేస్తే గుండె దడదడా కొట్టుకుంటోంది.

భద్రమ్మ ఏడుస్తోంది. "నీకు దండం పెడతా, దీన్ని బతికియ్యి. ఎలుగు మీద పడ్డనాడు నాయినను కాపాడింది ఇదే."

అటు ముత్తయ్య కంచె దగ్గర పొరుగింటి మాడ మీద విరుచుకుపడుతున్నాడు. "కోళ్ళను ఎత్తుకపోతున్నదని నక్కకు విషం పెట్టిన అంటివి గదా! నా కుక్క చస్తే ఇంక నీ మొహం చూడ!"

"అది మొన్ననే తీసి పూడ్చిపెట్టిన అన్నా" అని మాడ మొత్తుకుంటున్నా వినే నాథుడు లేడు.

"నిన్నటి నుంచి ఏమేం తిన్నది?" రాఘవులు అడిగాడు.

"అంబలి తాగింది, చేప తల తిన్నది. ఇంక నువ్విచ్చిన మిఠాయి. ఇంట్లకు కొత్త తిండి ఏదొచ్చినా మేం ముట్టకముందే వేటకుక్కకు వాటా పెట్టాలె. మా తాతల నుంచీ అంతే."

రాఘవులికి ఎద్దుల వైద్యమే తెలుసు. పశువుల డాక్టరు భోపాలపట్నంలో మకాం వేసి ఉన్నాడని గుర్తొచ్చి సైకిలెక్కాడు. అయిదారు కోసుల దూరం ఊపిరి తీసుకోకుండా తొక్కాడు.

అంబలి అన్నా, చేప తల అన్నా డాక్టరు ఊరికే తల ఊపాడు. చాక్లెట్ అనగానే కలం కింద పెట్టాడు.

"కుక్కకు చాక్లెట్ పెట్టారా? మనకది మిఠాయి, కుక్కకు విషమయ్యా! దాని ఒంట్లో తొందరగా అరగదు, గుండెను పరుగెత్తిస్తుంది. నల్లగా, చేదుగా ఉండేదైతే మరీ ప్రమాదం. తిన్న వెంటనే వస్తే కక్కించేవాళ్ళం. ఈ బొగ్గుపొడి నీళ్ళలో కలిపి కొంచెం కొంచెంగా పట్టించు. చల్లటి చోట కదలకుండా పడుకోబెట్టు. రేపటిదాకా నిలిస్తే బతికినట్టే."

తిరుగు దారంతా లెక్కలు వేసుకున్నాడు. నిజం చెబితే పిల్ల దక్కదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు, నింద మోయడానికి మాడ ఉండనే ఉన్నాడు. పైగా కుక్కను బతికించిన పేరు కూడా వస్తుంది. మన రాఘవులికి ఇంత పాడు ఆలోచన వచ్చిన మాట నిజమే, దాచడమెందుకు?

బొగ్గునీళ్ళు పట్టించాక పొద్దు వాలేసరికి నల్లోడి వణుకు తగ్గింది. "నువ్వు మా పాలిటి దేవుడివి" అన్నాడు ముత్తయ్య. భద్రమ్మ కళ్ళు తుడుచుకుని కొంగు ముడి విప్పింది. అందులో సగం పలక ఉంది.

"నువ్వు లేచి తిరుగు నల్లోడా, నా వాటా కూడా నీకే పెడతా."

రాఘవులు ఆ ముక్క లాక్కున్నాడు.

"పెట్టకు! దీంతోనే దానికి ఈ గతి పట్టింది. డాక్టర్ సాబ్ చెప్పిండు. మామా, మాడ తప్పేం లేదు. తెల్వకనే తెచ్చిన, గానీ తెచ్చింది నేనే."

ముత్తయ్య కంచె అవతల మాడ ఇంటి వైపు చూశాడు. భద్రమ్మ కుక్క తల మీద చెయ్యి తీయలేదు, అతని వైపు చూడలేదు. రాఘవులు తల వంచుకుని సైకిల్ దగ్గరికి నడిచాడు. స్టాండు తీస్తుండగా వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది.

"చెప్పకుంటే ఎవ్వలకూ తెలిసేది కాదు గదా. ఎందుకు చెప్పినవ్?"

"నువ్వు మిగిలింది కూడా పెడతానంటివి. చూసుకుంట ఊకుంటే నేనేం మనిషిని?"

ఆమె సైకిల్ దగ్గరికొచ్చింది. "వాటా అంటే గోరంత చాలు. నేను సగం పలక పెట్టిన."

"అంతెందుకు పెట్టినవ్?"

"నువ్వు తెచ్చింది తింటే నీ మీద పగ మానుతదని." ఆమె నల్లోడి వైపు చూసింది. "రేపు నువ్వు ఈ ఇంటి మనిషివైతే, అది నిన్ను గడప తొక్కనియ్యాలె గదా. నీ తప్పుల సగం నాది."

తీసిన సైకిల్ స్టాండు మళ్ళీ వేశాడు. రాఘవులికి ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి.

తెల్లవారి నల్లోడు తనంతట తానే లేచి అంబలి తాగింది. ముత్తయ్య కండువా భుజాన వేసుకుని చావడికొచ్చి రాఘవులిని లేపాడు.

"పా, మాడ ఇంటికి పోదాం. మిఠాయి తెచ్చింది నువ్వు, నోరు పారేసుకున్నది నేను. ఇద్దరం తప్పు ఒప్పుకోవాలె."

మాడ వాకిట్లోనే ఉన్నాడు. ముత్తయ్య చేతులు జోడించబోతే పట్టుకుని ఆపాడు. "సరేగానీ అన్నా, ఈ పిల్లగాడెందుకొచ్చిండు?"

"వీడు మా అల్లుడు" అన్నాడు ముత్తయ్య. "తప్పు చేస్తే దాచుకునే రకం కాదు."

"నీకు అల్లుడైతే నాకూ అల్లుడే. కూసోండ్రి" అని మాడ మంచం వాల్చాడు.

రాఘవులు కూర్చోబోతుండగా కంచె అవతల నుంచి భద్రమ్మ పిలిచింది. నెల రోజులుగా కంపౌండరూ అన్న నోటితోనే ఈసారి, "జల్ది రా బావా, నల్లోడికి బొగ్గునీళ్ళు పట్టాలె" అంది.