వెనకడుగుల తోపు

“వచ్చే దసరాకు మీ పడుగు రోడ్డు మీద కనపడది. షెడ్డు కింద ఉంటది. ఇది నా జబాన్.”

2018ల మా సాలెవాడకు వచ్చి, మైకు పట్టుకుని ఒక పెద్దమనిషి అన్న మాట ఇది. చప్పట్లు కొట్టినోళ్లల్ల నేను గూడ ఉన్న. కోస్గి తొవ్వల, కాటిగడ్డ దాటినంక, పేరు చెక్కిన నల్లరాయి పాతి కొబ్బరికాయ కొట్టి పోయిండు. దసరాలు వచ్చినయి, పోయినయి. షెడ్డు రాలే. రాయి మాత్రం ఉన్నది. ఈ మధ్య ఎవరో దాని మీద నిమ్మకాయలు, కుంకుమ పెట్టి పోతున్నరు. ఎవరో, ఎందుకో మొన్నటి దాక మా ఊర్ల ఒక్కరికీ తెల్వకుండె.

ఆ సంగతి చివర్ల తేలుస్త. ముందుగాల దెయ్యం కథ.

గోదావరి సముద్రంల కలిసే దిక్కు, నర్సాపురం రేవు దాటినంక ఒక కొబ్బరి తోపు ఉన్నది. తోపుల నుంచి సముద్రం ఒడ్డుకు ఇసుక తొవ్వ. ఆ దిక్కు బండ్లు నడిపేటోళ్లు దానికి పెట్టిన పేరు — వెనకడుగుల తోపు.

అక్కడ తెల్లారకముందు ఒక ఆడమనిషి కనపడతదంట. మొఖం మన దిక్కే ఉంటదంట. అడుగులు మాత్రం... వెనక్కి.

నేను చూడలే. చూసింది మా పెద్దమ్మ శారదమ్మ, మా పెద్దబాపు వెంకటనర్సు. పెద్దమ్మ చెప్పింది. పెద్దబాపు పక్కన కూసోని, తనకు నచ్చని కాడల్ల దగ్గిండు.

వాళ్లు సముద్రం చూడపోయిన కారణం ఒకటి ఉన్నది.

మాది నేత. చీరకు నిలువు పోగులు పడుగు. మగ్గం ఎక్కే ముందు దాన్ని బారుగ చాపి, గంజి పెట్టి, కుంచెతోని దువ్వాలె. ఎండ తగిలిందో, గంజి గట్టిపడి పోగుకు పోగు అంటుకుంటది. అందుకే పొద్దు పొడవకముందే పని అయిపోవాలె. అంత బారు జాగ వాడకట్టుల ఎక్కడిది? ఉన్నది రోడ్డే. సంపద పుట్టించే చేతులకు నీడ లేదు, అమ్ముకునేటోనికి ఏసీ షోరూం ఉన్నది. ఇదేం న్యాయమని నేను అడిగితే పెద్దబాపు, “ముందుగాల కుంచె పట్టురా, న్యాయం తర్వాత,” అంటడు.

పోయిన చలికాలం మంచుల ఒక సరుకుల డీసీఎం బండి పడుగు మధ్యల నుంచి దూసుకుపోయింది. బ్రేక్ కొట్టలే. పైనుంచి స్పీడ్ పెంచింది. పెద్దమ్మ పక్కకు దుంకి మురికినీళ్ల మోరిల పడ్డది. పడుగు మొత్తం బండి ముందలి కమ్మికి చుట్టుకుని కోస్గి దాక పోయింది.

ఆ దినం నుంచి పెద్దబాపు నోట ఒక్కటే మాట — “తాగుబోతు నాకొడుకు.” అన్నం తినుకుంట అన్నడు, నిద్రల అన్నడు. ఆఖరికి మగ్గం అమ్ముడే అని తేల్చిండు. హైదరాబాద్ల అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్ కావాలన్నరు. మెట్ల కింద గది ఇస్తరట.

మూడో దినం పెద్దమ్మ అడిగింది: “నాకు సముద్రం చూపెట్టు. సముద్రంల పొద్దు పొడుపు చూడాలె. ఇన్నేండ్లు పొద్దును తిట్టుకుంటనే బతికిన. ఒక్కసారి పని లేకుంట దాని మొఖం చూస్త.”

“చూపెడ్త. తిరిగొచ్చినంక మగ్గం మాట ఎత్తొద్దు మరి.”

“ఎత్తను.”

గా ఒప్పందం మీద బయలెల్లింది మా పెద్దబాపు పాత ఆమ్నీ వ్యాన్. జాతరలల్ల చీరలు అమ్మేందుకు కొన్న బండి. ఒక లైటు వెలగది, ఒక తలుపు పడది. వెనక సీటు మీద జొన్నరొట్టెల మూట, పల్లి చట్నీ డబ్బా, అమ్ముడుపోని చీరలు.

చీరాల కాడ సముద్రం మొదటిసారి కనపడ్డది. పెద్దమ్మ దోసిట్ల పట్టి నోట్ల పోసుకుని ఉమ్మింది. “గిన్ని నీళ్లు... ఒక్క గుక్క పనికిరాదు. ఎలక్షన్ల మాటల లెక్కనే ఉన్నది,” అన్నది. పెద్దబాపు లుంగి మోకాళ్ల మీదికి కట్టి, దూరం నుంచే “మంచిగున్నది, మంచిగున్నది” అన్నడు. ఒక అల వచ్చి నడుము దాక తడిపింది. పెద్దమ్మ నవ్వి నవ్వి ఇసుకల కూలవడ్డది.

అక్కడి నుంచి ఒడ్డు పట్టుకుని మీదికి పోయిండ్రు. బాపట్ల దిక్కు నేతోళ్ల ఇంట్ల ఒక పూట తిన్నరు, బందరు లడ్డు నమిలిండ్రు. చెరువుల మీద కొంగలు, కాలువ గట్టుకు అరటితోటలు, ఎక్కడ చూసినా పచ్చదనమే. “గీ పచ్చదనం జర మన దిక్కు ఎగిరొస్తే బాగుండు,” అన్నదంట పెద్దమ్మ. ఒక లాడ్జి ఓనరు, “మీ తెలంగాణ మాట వింటుంటే భలే ముద్దుగా ఉందండీ,” అన్నడు. “ముద్దు నీకు కొడుకా, మాకు మాట,” అన్నది.

నర్సాపురం రేవుల బండ్లను పంటు మీద ఎక్కించి గోదావరి దాటిస్తరు. ఆ పంటు మీద పక్కన నిలబడ్డ లారీ డ్రైవరే ఈ కథకు మూలం.

“పొద్దు పొడుపు చూడ్డానికాండీ? అయితే పిన్నిగారూ, తెల్లారకుండా ఆ కొబ్బరితోపు దారంట మాత్రం ఎల్లకండి.”

“ఎందుకు?”

అతను గొంతు తగ్గించిండు. “అక్కడో ఆడమనిషి ఉంటాదండి. మన్నే చూస్తా ఎనక్కి ఎల్తా ఉంటాది. తిరగదు. పొట్ట మీద ఇంత జుట్టుంటాదండి... కుప్పలాగ.”

“పొట్ట మీద జుట్టా!”

“ఒట్టండి. కనపడిందా — బండి ఆపకూడదు. గట్టిగా తొక్కేసి లాగించెయ్యాలి. ఆగినోడు బాగుపళ్లేదంటారు.”

పెద్దబాపు పెద్దగ నవ్విండు. “మా దిక్కు దెయ్యాలు బక్కగుంటయి తమ్మీ, ఎన్కటి నుంచి కరువు. మీ దిక్కు దెయ్యానికి జుట్టు మంచిగ పెరిగింది, కొబ్బరినూనె మహిమ.”

నవ్వింది పగలు.

మరుసటి దినం చీకటితోనే పెద్దమ్మ లేసింది. అలవాటు ప్రాణం. లాడ్జి నుంచి సముద్రానికి తొవ్వ ఒక్కటే — తోపుల నుంచే.

ఒంటి లైటు ఆమ్నీ ఇసుకల ఊగుకుంట పోతాంది. రెండు పక్కల కొబ్బరి చెట్లు. మంచు. సముద్రం ఇంకా కనపడలే, హోరు మాత్రం వినపడుతాంది.

అప్పుడు వినపడ్డది ఇంకోటి.

కిర్రు... కిర్రు... కిర్రు...

“ఏమయ్యా,” పెద్దమ్మ గుసగుసగ అన్నది. “బండిదేనా గా సప్పుడు?”

పెద్దబాపు గేరు తగ్గించిండు. బండి సప్పుడు తగ్గింది. కిర్రు తగ్గలే.

లైటు వెలుతురు చివర ఏదో తెల్లగ కదిలింది. ఆడమనిషి. మొఖం వాళ్ల దిక్కే. కండ్లు వాళ్ల దిక్కే. బండి ముందుకు పోతాంది... ఆమె దూరం అవుతాంది. తిరుగతలేదు. అడుగు వెనక అడుగు — వెనక్కి.

నడుము కాడ, పొట్ట మీద... కుప్ప. జుట్టు కుప్ప.

చేతులు ఆ జుట్టును పీకుతున్నయి. పీకుతున్నయి... పీకుతనే ఉన్నయి.

పెద్దమ్మ పెద్దబాపు భుజం పట్టింది. గోర్లు దిగినయి. పెద్దబాపు కాలు పని చేసింది. లారీ డ్రైవర్ చెప్పినట్లే — తొక్కిండు.

ఆమ్నీ దుంకింది.

ఫట్!

ఏదో తెగింది. ముందలి అద్దం మీద సర్రున గీసుకుపోయి పక్క అద్దానికి చుట్టుకున్నది. వెనక నుంచి ఒక కేక —

“నీ కళ్లు కాకులు పొడవా! నీ బండి సముద్రంలో కలవా! కడుపుకి కూడు తింటన్నావా, గడ్డి తింటన్నావా!”

“ఆపు!” పెద్దమ్మ అరిచింది.

“ఆపొద్దన్నడు గదనే!”

“ఆపుమంటున్న! దెయ్యాలు గిట్ల తిట్టవు. గిది పని ఖరాబైనోళ్ల తిట్టు. నేను తిట్టలేదా మోరిల పడి?”

పెద్దబాపు ఆపిండు. దిగిండు. పక్క అద్దానికి చుట్టుకున్నదాన్ని చేతుల్లకు తీసుకుని చూసిండు.

తాడు. అప్పుడే పేనిన పచ్చి కొబ్బరి తాడు.

ఆమె పేరు మంగాయమ్మ. పొట్ట మీదిది జుట్టు కాదు, కొబ్బరి పీచు. ఒడిల మూట కట్టుకుంటది. తొవ్వకు ఈ పక్క చెట్టు కింద ఆమె కోడలు రాట్నం తిప్పుతది, కిర్రు సప్పుడు దానిదే. పీచు కొసను రాట్నానికి తగిలించి, మంగాయమ్మ పీచు వదులుకుంట వెనక్కి నడుస్తది. వెనక్కి నడిచినంత దూరం తాడు పెరుగుతది. ముందుకు నడిస్తే తాడు లేదు, కూలి లేదు. ఎండెక్కితే పీచు పెళుసు బారుతదని చీకట్లనే పని. అంత బారు జాగ వాళ్లకూ లేదు. అందుకే తాడు తొవ్వ మీద.

“ఇంత బారు పని... నీడకు జాగ లేదా అమ్మా?” పెద్దమ్మ అడిగింది.

“ఎందుకు లేదండీ? షెడ్డు కడతామన్నారు. అదిగో, రాయి గూడా ఏసి ఎల్లారు. దాని మీదే నేను పీచు ఆరబెట్టుకుంటాను. రాయి మంచిదేనండి, ఎండకి బాగా కాగుద్ది.”

పెద్దమ్మ ఆ రాయి దిక్కు చూసింది. పెద్దబాపు దిక్కు చూసింది. ఆయన తెగిన తాడు రెండు కొసలు పట్టుకుని అట్లనే నిలబడ్డడు.

“శారదా.”

“ఊఁ.”

“మన పడుగు తెంపినోడు తాగలేదే.”

“నీకెట్ల తెలుసు?”

“నేను తాగలే గదా.”

ఈ మాట చెప్పేటప్పుడు మాత్రం పెద్దబాపు దగ్గలే. తనే చెప్పిండు.

ఇగ ఆ పొద్దు వాళ్లు సముద్రం కాడికి పోలే. తెగిన పని తీర్చకుండ నేతోడు కదలడు. పెద్దబాపు రాట్నం తిప్పిండు. పెద్దమ్మ ఒడిల పీచు కట్టుకుని మంగాయమ్మ పక్కన వెనక్కి నడిచింది. రెండుసార్లు పడ్డది. “వెనక్కి చూడకండి వదినగారూ, కాలికి వదిలెయ్యండి,” అని మంగాయమ్మ నవ్వింది. తాడు సాగింది. తోపుల వెలుతురు వచ్చింది. కోడలు, “అదిగో, సూర్యుడు!” అన్నది.

పెద్దమ్మ మొఖం రాట్నం దిక్కు. సముద్రం వీపు వెనక. చేతిల తెగితే పోయే పోగు.

“నేను తిరగలేదురా,” అన్నది నాతోని. “గంత దూరం పోయి గూడ పొద్దు నా వీపు వెనకనే పొడిచింది.”

వచ్చేటప్పుడు మంగాయమ్మకు ఒక చీర పెట్టిండ్రు. ఆమె ఒక తాడు చుట్ట ఇచ్చింది. “కార్మికులందరు ఒక్కటే అని నువ్వు గోడల మీద రాస్తవు గద,” అన్నది పెద్దమ్మ నాతోని. “మేము రాయలే. ఢీకొని తెలుసుకున్నం.”

కథ గింతే అయితే నేను రాయకపోదును.

తిరుగు ప్రయాణంల మహబూబ్‌నగర్ దాటినంక ఛాయ్ తాగుదామని ఆగిండ్రు. పక్క బల్ల మీద ఒక డీసీఎం డ్రైవర్, గుర్వయ్య అంట. ఎటు పోతున్నరని అడిగిండు. కోస్గి దిక్కని చెప్పంగనే గ్లాసు కింద పెట్టిండు.

“చీకట్ల పోకుండ్రి అవ్వా. కాటిగడ్డ దాటినంక జాగ మంచిది కాదు.”

“ఏముంటది అక్కడ?”

“తెల్ల చీర. ఇంత బారు... గాలిల తేలుతది. మనిషి ఉండది, చీరనే. దాని పక్కన ఒక ముసలిది అటు ఇటు తిరుగుతది. చేతిల ఏదో...”

“కుంచెనా?” పెద్దమ్మ అడిగింది.

“ఏమో అవ్వా, ఎవరు చూసిండ్రు? కనపడితే ఆపొద్దు, తొక్కుడే. మా ఓనరు ఆ రాయి కాడ నిమ్మకాయ పెట్టిపొమ్మన్నడు. నేను అదే చేస్తున్న. అక్కడ ఎవరిదో సమాధి ఉన్నది, నల్లరాయి, పేరు గూడ చెక్కి ఉన్నది.”

పెద్దబాపుకు ఛాయ్ పొరపోయింది. పెద్దమ్మ కొంగు నోట్ల కుక్కుకున్నది.

“కొడుకా,” అన్నది నవ్వాపుకుని, “ఆ ముసలి దెయ్యం ఎట్లుంటది? మంచిగుంటదా?”

“ఏం మంచిగవ్వా... అచ్చం నీ లెక్క—”

గుర్వయ్య బల్ల మీది నుంచి లేసిండు.

ఆ రోజు మా పడుగు తెంపింది అతనో కాదో వాళ్లు అడగలే. అతనే తలకాయ వంచుకుని ఛాయ్ పైసలు ఇచ్చిండు. పెద్దబాపు ఇంటికి వచ్చి మగ్గం దుమ్ము దులిపిండు. మంగాయమ్మ తాడుకు ఎర్ర గుడ్డ పేలికలు కట్టి, పడుగుకు రెండు దిక్కుల రోడ్డు మీద కడుతున్నడు. అయినా హైదరాబాదోళ్లకు వద్దని చెప్పలే. మెట్ల కింద గది జూన్ మొదటి వారం దాక ఆపుతమన్నరు. “షెడ్డు పడితే ఉంట. లేకుంటే పోత. మళ్ల ఒకసారి నీ పెద్దమ్మను మోరిల నుంచి లేవట్టలేనురా,” అన్నడు.

అయ్యా, మైకు పట్టిన పెద్దమనిషీ! డ్రైవర్ మీద మాకు కోపం లేదు. మా పెద్దబాపు మీద మంగాయమ్మకు లేదు. చీకట్ల పనిచేసేటోడు, చీకట్ల బండి నడిపేటోడు ఒకరినొకరు దెయ్యమనుకుని వణుకుతున్నరు. వెలుగుల కూసున్నది నువ్వొక్కనివే. నీళ్లు, నిధులు, నియామకాలు అని మా గొంతులు ఎండేదాక అరిచినం. అండ్ల మాకు వచ్చింది ఒక రాయి. ఆ రాయి మీద నీ పేరు ఉన్నది, నీ పేరు మీద నిమ్మకాయలు ఉన్నయి. జనం దాన్ని నీ సమాధి అనుకుంటున్నరు. బతికి ఉంటే జవాబు చెప్పు.

షెడ్డు కడతవా, కట్టవా? ఒక్క మాట చాలు. కాయితం మీద కావాలె, జబాన్ వద్దు.

గడువు: 2025 జూన్ రెండు, రాష్ట్రం పుట్టిన దినం. ఆ పొద్దు మా పెద్దమ్మ కుంచె పక్కన పెట్టి, తూర్పు దిక్కు తిరిగి నీ రాయి కాడ కూసుంటది. పొద్దు పొడవకముందే రా.