పారని నీరు

లమై రొయ్యల ముద్దను చాప మీద పరుస్తుండగా గుమ్మం పక్కనున్న దేశఫలకం ఆకుపచ్చ నుంచి నీలానికి మారింది. అంటే ఆమె ఇల్లు మళ్ళీ పొరుగుదేశంలోకి వెళ్ళిపోయింది. ఇల్లు మాత్రం నిన్నటి చోటే ఉంది.

"పొద్దున్నే మొదలెట్టావా, నీ జిమ్మడ!" అని ఫలకాన్ని తిట్టింది లమై.

థాయ్ దేశపు కొసనున్న ఖ్లోంగ్ యాయ్ అంటే ఒక పక్క సముద్రం, ఒక పక్క కొండ, నడుమ నాలుగడుగుల నేల. ఆ నేలలోనూ సగాన్ని సముద్రం మింగేస్తే జనం కొండెక్కారు. కొండ నెత్తిన కంబోడియా సరిహద్దు. వాననీరు ఎటు పారితే అటు దేశం అని పాత ఒప్పందం. ఎటు పారిందన్న తగాదా తెంచడానికి రెండు ప్రభుత్వాలూ కలిసి శిఖరం మట్టిలో వేలాది చినుకుకన్నులు పాతాయి. పడిన ప్రతి చుక్కనూ అవి వెంబడిస్తాయి, వాన వెలిశాక గీతను కొత్తగా గీస్తాయి. సైనికుడు అక్కర్లేదు, తుపాకీ అక్కర్లేదు. లోకమంతా మెచ్చుకుంది. కొండ మీద కాపురమున్న వాళ్ళను మాత్రం ఒక్కడూ అడగలేదు.

కిందటి నెల చరియ విరిగి, శిఖరం మీది పల్లంలో నీటిని రెండుగా చీల్చే మిట్ట కొట్టుకుపోయింది. ఇప్పుడు పల్లమంతా ఒకే వైపు పారుతోంది. పల్లానికి ఇవతల పన్నెండు ఇళ్ళు, అవతల పది; నీరు ఎటు పారితే అన్నీ ఆ దేశానివే. వరసగా మూడు వానలు ఒకే దిక్కుకు పారితే ఆ గీత శాశ్వతం; అప్పటిదాకా నేల ఆరగానే పాత గీతే తిరిగొస్తుంది. రాత్రిదానితో కలిపి రెండు వానలు అవతలికే పారాయి. మూడోది కూడా అటే పోతే లమై పడవకు కింద కనబడే సముద్రంలో చోటుండదు. ముప్పై ఏళ్ళుగా ఆ నీళ్ళలోనే ఆమె రొయ్యలు పడుతోంది.

కబురు చెప్పడానికి గీతాధికారి థనవత్ వచ్చాడు. చెడ్డవాడు కాదు, ఆ కొండ కిందే పుట్టాడు.

"యంత్రం మాట పెద్దమ్మా. నేనేం చెయ్యను?"

"గీత నీళ్ళ వెంట నడుస్తుందన్నావు కదూ?"

"అవును."

"నీళ్ళు గుద్దలి వెంట నడుస్తాయి నాయనా!" అని లమై గుద్దలి భుజానేసుకుని కొండెక్కింది.

పైన ఇవతలికి దిగే పాత కాలవకు ఎవరో రాళ్ళు పేర్చారు. ఆ పక్కనే ఒక ముసలామె నడుం పట్టుకుని కూర్చుంది.

"ఎవరే నువ్వు? మా కాలవకు అడ్డమెందుకు పెట్టావ్?"

"సొఖీమ్‌ని. ఇది పారితే నా ఇల్లు మీ దేశంలో పడుద్ది. మా ఆయన బూడిద మా ఊరి గుడిలో ఉంది. దణ్ణం పెట్టుకోడానికి మీ దొరల చీటీ అడుక్కోవాలా నేను?"

ఆమె మాట్లాడింది స్వచ్ఛమైన థాయ్. కొండ అవతలి కో కాంగ్ ఒకప్పుడు సియాందే, అంటే పాత థాయ్ దేశానిదే. కంబోడియాను ఏలిన ఫ్రెంచివాళ్ళు ఇవతలి త్రాట్‌ను తిరిగిచ్చి, కో కాంగ్‌ను అట్టే పెట్టుకున్నారు. అది జరిగి రెండు వందల ఏళ్ళు దాటింది, భాష మాత్రం పోలేదు. ఆ యాస వింటే లమైకి తన అమ్మమ్మ గుర్తొచ్చింది. పోట్లాటకు దిగిన మనిషికి సిగ్గేసింది.

"మా ఆయన బూడిద కూడా గుడిలోనే ఉందక్కా. ఇవతల," అంది.

సొఖీమ్ సముద్రం వైపు చెయ్యి చూపింది. కో కూట్ దీవి మీద మబ్బు నల్లబడుతోంది. మహా అయితే రెండు గంటల్లో వాన.

"పారితేనే కదా లెక్క?" అంది సొఖీమ్ ఉన్నట్టుండి.

"నిలబడితే?"

"నిలబడితే పాత గీతే. నా మనవరాలు ఒప్పందం కాగితం చదివి చెప్పింది."

ఇంకేముంది! ఇద్దరూ చెరో దిక్కుకు తిరిగి కేకలేశారు. ఇరవై రెండు ఇళ్ళవాళ్ళూ గుద్దళ్ళతో, తట్టలతో ఎక్కొచ్చారు. పల్లం నడుమ గుంట తవ్వారు, ఆ మట్టితో రెండు కాలవలూ పూడ్చారు. తిట్టుకున్నారు, నవ్వుకున్నారు, ఒకళ్ళ సీసాలో నీళ్ళు ఒకళ్ళు తాగారు. వాన కుండపోతగా కురిసింది. గుంట నిండింది. ఒక్క చుక్కా ఎటూ పారలేదు. చినుకుకన్నులు ఎదురుచూసి, చూసి, పాత గీతనే ఉంచేశాయి.

థనవత్ తడిసి ముద్దై, రొప్పుతూ పైకొచ్చాడు.

"ఎంత పని చేశారు పెద్దమ్మా! రేపు ఇది పొర్లితే? ఇక్కడ ఏడు నెలలు వాన!"

"పొర్లనిస్తే కదా!" అంది లమై. "కింద బావులన్నీ ఉప్పగా అయిపోయాయి. మంచినీళ్ళు ఇరవై రెండు ఇళ్ళకీ కావాలి. కుండల్లో మోసుకుపోతాం. మా చంకనున్న నీళ్ళకు మీ కన్నుల్లో లెక్కుందా?"

అతడు ఆలోచించాడు. లేదు. మనిషి మోసే నీటిని లెక్కించాలని ఏ దేశానికీ తట్టలేదు.

"రోజూ ఎక్కుతారా? మీరూ వాళ్ళూ కలిసి?"

"మీ యంత్రం రాకముందు నాకీవిడ పేరు కూడా తెలీదు నాయనా. పక్కకు జరుగు, సొఖీమక్క కుండ ఎత్తాలి."