ఎవరిదో తెలియని గుళిక

వెన్నెలపాడులో సూర్యుడు నెలకొక్కసారే అస్తమిస్తాడు. అస్తమించాడా, మళ్ళీ మొహం చూపించడానికి పద్నాలుగు రోజులు. రోజువారీ పొద్దున్నా సాయంత్రం గడియారంలోనే. చంద్రుడి మీద కాపురమంటే మాటలా మరి! అందుకే పొద్దువాలే వేళకి ఆ ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా ఒకటే హడావిడి. పరుపులెత్తేవాళ్ళు పరుపులెత్తుతారు, పిల్లల బొమ్మల పొట్టలు విప్పేవాళ్ళు విప్పుతారు. అందరూ వెతికేది గుళికల కోసమే.

గుళికంటే బొటనవేలంత బ్యాటరీ. దీపం, కుంపటి, గాలిజల్లెడ, ముసలాళ్ళ చెవి మిషను, అన్నీ దాని మీదే నడుస్తాయి. అయిపోయిందని పారేయడానికి వీల్లేదు. భూమి నుంచి సరుకు నౌక ఏడాదికోసారి వస్తుంది, అందులో గుళికల వాటా గుప్పెడు. ఉన్నవాటినే మళ్ళీ మళ్ళీ నింపుకోవాలి. నింపడం చేతకాకపోతే ఎంత మంచి గుళికైనా ఆరునెలల్లో బూడిదే.

ఆ చేతనైన నింపుడు కనిపెట్టింది దమయంతి. ఊరి విద్యుత్ ప్రయోగశాలకి ఆమే పెద్ద. పాతకాలం ఛార్జర్లు బక్కపిల్లాడికీ బండపిల్లాడికీ ఒకే లెక్కన ముద్దలు కుక్కినట్టు అన్ని గుళికల్లోనూ ఒకే ధార పోసేవి. దమయంతి చేసిన నింపుడుపెట్టె అలా కాదు. ఒక్కో గుళికనీ విడిగా పలకరిస్తుంది. ఒళ్ళు వెచ్చబడితే ధార తగ్గిస్తుంది. అంచుదాకా పొయ్యకుండా కాస్త వెలితి ఉండగానే ఆపేస్తుంది, ఆ గీతకి మేలుమట్టం అని పేరు. పాతదాన్నీ కొత్తదాన్నీ ఒకే వస్తువులో జంట కలిపితే ఒప్పుకోదు. పైగా మాట్లాడుతుంది కూడా. ఇంటికొకటి ఉంది, పెట్టెలన్నీ ఒకదాని లెక్కలు ఒకటి చెప్పుకుంటాయి. ఊరంతా ఆ పెట్టెని ఆడపడుచులా చూసుకుంటున్నారు.

అయినా గుళికలు చస్తూనే ఉన్నాయి. అదే దమయంతికి నిద్ర పట్టనివ్వని సంగతి.

"ఇంకేముంటుంది ప్రభుదాసుగారూ, అప్పులే!" అంది ఆ రోజు ప్రయోగశాలలో. ప్రభుదాసు ఊరి సరఫరాల అధికారి. "ఒకరి గుళిక ఇంకొకరు పట్టుకెళ్తారు. పరాయి సొత్తు మీద ఎవరికి దయ ఉంటుంది? పీల్చి పిప్పిచేసి, తిరిగిచ్చేటప్పుడు మేలుమట్టం కాదని అంచుదాకా నింపేస్తారు. అందుకే ఇంటిముద్ర వేద్దామంటున్నాను. ఒక ఇంటి గుళిక ఇంకో ఇంటి వస్తువులో వెలగదు. ఎవరివి వాళ్ళు చూసుకుంటారు."

ప్రభుదాసు గడ్డం గోక్కున్నాడు. "అప్పుచ్చుకోవడం ఆగిపోద్దేమో మేడమ్?"

"ఆగిపోవాలనేగా!"

"సరే, మీరంటే మరి వెయ్యాల్సిందే. రేపు పొద్దున్నే అన్ని పెట్టెలకీ ఆజ్ఞ పంపించేద్దాం," అన్నాడు. ఆయన గొంతులో మాత్రం ఉత్సాహం లేదు.

దమయంతి ఇంటికొచ్చేసరికి ఎదురింటి సుబ్బరత్నం గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో గిన్నె, గిన్నెలో వేడివేడి తోటకూర వేపుడు, పక్కన గుడ్డలో చుట్టిన గుళిక. మొన్న మీ ఆయన దగ్గర తీసుకున్నానంటూ ఇవ్వబోయింది. దమయంతి గుళికని మీటరు మీద పెట్టి చూసింది. అంచుదాకా నిండి ఉంది.

"పిన్నిగారూ, ఎన్నిసార్లు చెప్పాలి? పెట్టె మేలుమట్టం దగ్గర ఆపేస్తే మీరెందుకు మళ్ళీ నొక్కి నింపుతారు?"

"ఓసి నీ చదువు చల్లగుండా! మా ఇంట్లో వాడుకునేవాటికి నీ మట్టమే పాటిస్తన్నానమ్మాయ్. తెచ్చుకున్నది వెలితిగా ఎట్టా ఇస్తాం? గిన్నె కాళీగా తిరిగిస్తామా? నలుగురూ వింటే నవ్విపోరూ!"

"దాని ఆయుష్షు తగ్గుతుంది."

"మర్యాద తగ్గకుండా ఉంటే చాల్లే," అని నవ్వేసి సుబ్బరత్నం వెళ్ళిపోయింది. మొండిఘటం అనుకుంది దమయంతి. వేపుడు మాత్రం చాలా బాగుంది.

లోపల ఉయ్యాల్లో వకుళ నిద్రపోతోంది. రెండేళ్ళ పిల్ల. పుట్టుకతోనే ఊపిరితిత్తులు బలహీనం. ఛాతీ మీద పట్టీలా కట్టిన శ్వాసతోడు సన్నగా గురగురమంటూ పిల్లకి ఊపిరి అందిస్తుంది. అదీ గుళికతోనే నడుస్తుంది. అది ఆగితే ఏమవుతుందో దమయంతి ఎప్పుడూ నోటితో అనలేదు. తండ్రి నిన్ననే ధ్రువం దగ్గర మంచుగనుల్లో పని మీద వెళ్ళాడు, సూర్యుడు మళ్ళీ పొడిచేదాకా రాడు.

ఆ భయంతోనే దమయంతి ఒక పని చేసేది, ఎవరికీ తెలియనిది. కుంపటి పక్క వెచ్చటి అలమరలో ఒక డబ్బా, డబ్బాకి తాళం, లోపల గుళికలు. అన్నీ కొత్తవి. వారానికోసారి తీసి, అంచుదాకా నింపి, మళ్ళీ దాచేది. పాపకి అత్యవసరానికి.

ఆ సాయంత్రం కూడా వాటిని పెట్టెలో పెట్టి మీట నొక్కింది.

"అమ్మా," అంది పెట్టె. "నిండుగా నింపి వాడకుండా దాచకూడదని నాకు నేర్పింది మీరే."

"నువ్వూరుకో. ఇవి పాపకోసం."

"పాపకోసమైనా గుళిక గుళికే కదమ్మా."

"చెప్పింది చెయ్యి!"

పెట్టె చెప్పింది చేసింది. దమయంతి డబ్బాకి తాళం వేసుకుంది. మర్నాడు లేవగానే, ఇంట్లో వాడే ఖాళీ గుళికలన్నీ నింపడానికి పెట్టెలో పేర్చింది.

ఆజ్ఞ పంపడానికి ఇంకో గంట ఉందనగా కరెంటు పోయింది. ఉల్కల ధూళి పడి ఊరి పెద్ద తీగ తెగిందని తర్వాత తెలిసింది. వీధి మొత్తం చీకటి, ఆసుపత్రి వైపు సొరంగం తలుపులు వాటంతటవే మూసుకున్నాయి. పెట్టెలో పెట్టిన గుళికలు అరకొరగా కూడా నిండలేదు. సరిగ్గా అప్పుడే శ్వాసతోడు కీచుమని మొర పెట్టింది. గుళిక అయిపోవచ్చింది.

దమయంతి కంగారుపడలేదు. ఇందుకోసమే కదా దాచింది! తాళం తీసి, మెరిసే గుళికొకటి తెచ్చి పెట్టింది. శ్వాసతోడు గురగురమంది. నాలుగు ఊపిర్లు కాగానే ఆగిపోయింది. ఇంకోటి పెట్టింది, అంతే. మరోటి. అసలు వెలగనేలేదు.

"ఏమైందే వీటికి? నిండా ఉన్నాయన్నావుగా!"

ఊడదీయడానికి వీల్లేని సొంత బుల్లి గుళికతో బతికున్న పెట్టె మెల్లగా చెప్పింది. "నిండాయమ్మా. కానీ పట్టే చోటే కరిగిపోయింది. వెచ్చని అలమరలో నిండుగా కూర్చుని కూర్చుని లోపల ముసలివైపోయాయి. చెప్పబోతే ఊరుకోమన్నారు."

వకుళ పెదవులు నీలంగా మారుతున్నాయి. దమయంతి పిల్లని ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తింది. అంత చదువుకున్న మనిషి, ఇంతవరకూ ఎవరి గుమ్మం ముందూ చెయ్యి చాపని మనిషి, గొంతు చించుకుని అరిచింది.

"ఎవరైనా ఒక్క గుళిక ఇవ్వండమ్మా! పాపకి ఊపిరాడట్లేదు!"

చీకట్లో తలుపులు తెరుచుకున్నాయి. ముందుగా వచ్చింది సుబ్బరత్నమే. చేతి దీపంలోంచి గుళిక ఊడబీకింది, దీపం ఆరిపోయింది. "ఇందమ్మా, పెట్టు పెట్టు!" ఎవరో కుంపటిలోది తీశారు, ఎవరో తాతగారి చెవిలోది తెచ్చారు. చీకట్లో దమయంతి ఒడి గుళికలతో నిండిపోయింది. ఏది ఎవరిదో చూసే తీరిక ఎవరికుంది! చేతికందిన గుళిక శ్వాసతోడులో పెట్టింది. గురగురమంది. ఆగలేదు. పిల్ల ఒక్కసారి కెవ్వున ఏడ్చింది. ఆ ఏడుపు విని వీధి వీధంతా "హమ్మయ్య" అంది. దమయంతి సుబ్బరత్నం భుజం మీద వాలి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఇంటిముద్ర గంట ముందు పడి ఉంటే ఆ గుళిక వెలిగేది కాదు. ఆ మాట తట్టగానే ఆమె పిల్లని ఇంకా గట్టిగా హత్తుకుంది.

తీగ అతికి కరెంటు వచ్చాక ఒడిలోని గుళికలన్నీ ఒక్కొక్కటే పెట్టెకి చూపించింది. ఒక్కటి కూడా జబ్బుది లేదు.

"ఇన్ని చేతులు మారినవి ఇంత ఆరోగ్యంగా ఎలా ఉన్నాయి?"

"ఇచ్చేముందు నింపుతారు, తీసుకున్నవాళ్ళు వెంటనే వాడేస్తారు. నిండుగా కూర్చునే తీరిక వీటికి లేదమ్మా. అందుకే బతికాయి."

"మరి ఊళ్ళో చచ్చిపోతున్నవి ఏవి?"

"తాళాల్లో ఉన్నవి. అలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. మొదటిది మనదే. ఇదివరకు నన్నెవరూ అడగలేదు."

ఇంతలో ప్రభుదాసు గుమ్మంలోంచి పిలిచాడు. "మేడమ్, పాపకెలా ఉంది? ఆ ముద్ర సంగతి మరి..."

"పాప బాగుందండీ. ముద్ర వద్దు. ఎప్పటికీ వద్దు. నేనే పొరబడ్డాను," అంది.

"దేవుడికి స్తోత్రం!" అన్నాడు ఆయన. అది పాప గురించో ముద్ర గురించో ఆమె అడగలేదు, రెండూ అయి ఉంటాయి.

మర్నాడు గుళికలన్నీ నింపి, గిన్నెల్లో ఇంత రవ్వకేసరి పెట్టుకుని ఇంటింటికీ తిరిగింది. దండం పెట్టి ఎవరివి వాళ్ళకిచ్చింది. చివరికి ఒకటి మిగిలింది, పాపకి ఊపిరి పోసినది. దాన్ని ఎవరూ తమదనలేదు. సుబ్బరత్నం దగ్గరికి తీసుకెళ్తే తిప్పి తిప్పి చూసింది.

"మాది కాదమ్మాయ్. నా దీపంలోది కూడా మొన్న ఎవరి దగ్గరో తెచ్చుకున్నదే. వాళ్ళు ఎవరి దగ్గర తెచ్చుకున్నారో! కేసరి మాత్రం బాగా కుదిరింది, జీడిపప్పెక్కడిదే?"

దమయంతి నవ్వుతూ ఇంటికొచ్చింది. తాళం డబ్బా ఖాళీ చేసి గుమ్మం పక్కన మూత లేకుండా పెట్టింది. ఆ గుళికని పెట్టెకిచ్చింది.

"ఇదెవరిదని రాసుకోనమ్మా?" అడిగింది పెట్టె.

"ఎవరిదో తెలియదని రాసుకో. ఇప్పుడు మేలుమట్టం చాలు," అంది దమయంతి. "ఎవరైనా అడగడానికొస్తే, అప్పుడు అంచుదాకా నింపు."