బుడిపెల వనంలో సింగారి

కుంకుమగిరి రాజ్యంలో మనుషులు మాయమవుతున్నారు. ఒకరు మాయమైన మరునాడే అడవి మొదట్లోని ముళ్లపొదల కొమ్మకు ఉసిరికాయంత బుడిపె ఒకటి కొత్తగా మొలిచేది. రాజభటులు ఒకదాన్ని కత్తితో చీల్చారు. లోపలి తెల్లని పురుగు "అన్నా!" అని మనిషి గొంతుతో అరిచి చచ్చిపోయింది. ఆ తరువాత అటు వెళ్ళే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

నేతగాడి కూతురు సింగారి ఒక్కతే వెళ్ళింది. ఆమె తల్లి గౌరమ్మ మాయమై పదమూడు రోజులైంది.

అడవి దారిని పెద్ద సాలెగూడు మూసేసింది. దాని నడుమ గుమ్మడికాయంత సాలీడు ఎనిమిది కళ్ళతో ఆమెనే చూస్తోంది.

"గంజి నూలు వాసనొస్తున్నావు. నేతోళ్ళ పిల్లవా?" అంది సాలీడు.

"అవును తాతా. నన్ను తింటావా?"

"సాటి నేతగత్తెను తింటే నా గూడు నిలుస్తుందా? విను. బుడిపెలోని మనిషి ఈగై బయటికొస్తాడు. గుర్తుపట్టి పేరుతో పిలిస్తే మళ్ళీ మనిషవుతాడు. కానీ మనుషుల్ని బుడిపెలు చేసే రక్కసి తన బిడ్డల్ని అదే వేషంలో కలిపేస్తుంది. ఒంటి రంగు నమ్మకు, రెక్క చూడు. రెండు చారలదే మనిషి ఈగ."

"ఇంతకుముందు ఎవరికైనా చెప్పావా తాతా?"

"ముగ్గురు ఆస్థాన పండితులకు చెప్పాను. ముగ్గురూ బుడిపెలయ్యారు. ఎందుకో నాకూ తెలియదు."

ఆ మాటకు సింగారి ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. అయినా సాలీడు గూడు తొలగించి ఇచ్చిన దారిన ముందుకే నడిచింది.

పొదల నడుమ పట్టపగలే చీకటిలా నిలబడి ఉంది రక్కసి. ఆకు మీద మూడు ఈగలను చూపింది. మూడింటికీ పసుపు తల, ఆకుపచ్చ కళ్ళు.

"మీ అమ్మ ఏదే? తప్పితే నువ్వూ నా కొమ్మకు బుడిపెవే!"

సింగారి వంగి చూసింది. మొదటిదాని రెక్కల కింద ఇంకో జత దాగి ఉంది. "నాలుగు రెక్కలా? ఇది కందిరీగ. ఈగకు రెండే." రక్కసి పళ్ళు కొరికింది.

రెండోదాని రెక్క మీద స్పష్టంగా రెండు చారలు, మూడోదాని మీద మూడు. సింగారి వేలు రెండోదాని వైపు లేచింది.

"చెప్పవేం? నోట్లో నాడె ఇరుక్కుందా, నేతపిల్లా?" రక్కసి నవ్వింది.

మగ్గంలో నూలును అటూ ఇటూ నడిపే నాడె పేరు వినగానే సింగారి వేలు ఆగింది. మూడోదాన్ని మళ్ళీ చూసింది. చివరి రెండు చారలు రెక్క అంచు దగ్గర కలిసిపోయాయి. అలా అంచున కలిసినవాటిని నాన్న జోడు చార అనేవాడు. మగ్గం మీద అది ఒకటే లెక్క. సాలీడూ నేతగాడే. పండితులు పండితుల లెక్కే వేసుకున్నారు!

"ఇదే! ఒక చార, ఒక జోడు చార. మా లెక్కకు రెండే! అమ్మా, గౌరమ్మా!"

ఈగ ఉన్నచోట తల్లి నిలబడింది. గుట్టు తెలిసిపోయిన రక్కసి ఎండు బుడిపెలా చిట్లి దుమ్మయింది.

సింగారి తల్లిని కరుచుకుని ఏడ్చింది. "మిగతావాళ్ళు ఎలా వస్తారమ్మా?"

"వస్తారే. ఈగకు కొరికే నోరుండదు. అందుకే పురుగుగా ఉన్నప్పుడే గోడను లోపల్నుంచి గీకి, ఒకచోట ఉల్లిపొరంత పలచన చేసుకుంటాం. పొరను తలతో నెడితే చాలు."

సింగారి ఒక్కో బుడిపెనూ తడిమింది. ప్రతిదానికీ ఆ మెత్తని చోటు ఉంది.

రాజు ఆ అడవిని ఆమె ఏలుబడికి ఇచ్చాడు. బుడిపెలను ఎవరూ చీల్చకూడదన్నదే ఆమె మొదటి ఆజ్ఞ. అయినవాళ్ళంతా పొదల చుట్టూ కూర్చుని, పొర కదిలినప్పుడల్లా రెక్కలు చూసి, పేరు పెట్టి పిలుచుకున్నారు.